అత్త తెచ్చే మందు

అన్నయ్యకు,

మా ల్యాబ్ గురించి పేపర్లో వచ్చిన వార్తకు ఫ్రేము కట్టించావని వదిన చెప్పింది. దాన్ని గోడ మీంచి తీసెయ్యి. చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాలు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో మాత్రమే మళ్లీ మొలిచాయి. ఎదిగిన ఎలుకల్లో ఒక్కటీ మొలవలేదు. ఈ మాట పోయినేడే ఫోన్లో చెప్పాను. "నువ్వున్నావుగా, ఎలాగోలా మందు తెస్తావులే!" అని నవ్వేశావు.

నా మీద అంత నమ్మకమా అని మురిసిపోలేను. ఆ నమ్మకం పేరుతోనే, చెవులు వినపడని నీ పాపను సైగల బడికి పంపకుండా ఆపావు. "అత్త మందు తెస్తుంది, అందాకా చేతులు ఊపి పరువు తీయకు" అని కసురుతున్నావట. ఎదిగిన పిల్ల, మనసులో మాట చెప్పుకోవడానికి దానికి ఏ భాషా లేదు.

మొన్న నేనొచ్చినప్పుడు వంటింట్లో నా కొంగు లాగి, పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకున్న రెండు మూడు సైగలతో ఏదో చెప్పబోయింది. నాకు అర్థమయ్యేలోపే నువ్వు గుమ్మంలోకి వచ్చావు. దొంగతనం చేసి దొరికినట్టు చేతులు వెనక్కి దాచేసుకుంది.

సోమవారం దాన్ని ఆ బడిలో చేర్చు. అక్కడ మొదట నేర్చుకునేది నిన్నూ నన్నూ కలిపి తిట్టడమే అయినా సరే, నేర్చుకోనీ.

నీ చెల్లెలు