మొగలిగరువు రేవుకి రెండు బళ్ళు

మొగలిగరువు రేవు,
ఉప్పలగుప్తం మీదుగా,
6-2-84

కాకినాడ విజయదుందుభి మోటార్స్ మేనేజరు గారికి, మొగలిగరువు రేవులో పడవ వేసే ఓలేటి కామరాజు నమస్కారాలు.

ఇక్కడ మేమూ ఏరూ బాగానే ఉన్నాం. అక్కడ మీరూ మీ బళ్ళూ బాగున్నారని తలుస్తాను.

మీ షాపులో గజలక్ష్మి డీలక్సు అని, ఇంటిల్లిపాదీ ఎక్కే పెద్ద బండి ఉందట. అది ఉగాదినాడు మా రేవు దాటి ఊళ్ళోకి రావాలి. మాకు వంతెన లేదు. రెండు నావలు జతకట్టి, మీద బల్లలు పరిచి, పంటు తయారుచెయ్యాలి. అందుకని బండి పొడుగు, వెడల్పు, బరువు రాయగలరు. ఇక్కడ అడిగితే "ఏనుగులా ఉంటాదిరా" అన్నారు. మళ్ళీ అడగడానికి మొహమాటం వేసింది.

ఈ సంగతి ఉగాది దాకా ఊళ్ళో పొక్కకూడదు. అందుకని పేర్లు రాయడం లేదు.

మా నాన్నగారు ఇదే రేవులో మునసబు గారి గుర్రబ్బండి ముంచేరు. గుర్రం ఈదుకొచ్చేసింది. బండి రాలేదు. ముప్ఫై ఐదేళ్ళయింది. ఇప్పటికీ మా ఇంటిని బండి ముంచినోళ్ళ ఇల్లనే అంటారు. మా అమ్మాయి పెళ్ళి శుభలేఖ మీద కూడా ఎవరో పెన్సిలుతో అదే రాసేరు. నా చేతుల్లో ఇంకో బండి ములగకూడదు.

చిత్తగించవలెను.
ఓలేటి కామరాజు

తా.క. ఏనుగు బరువెంతో మీకు తెలిస్తే అది కూడా రాయండి. సరిచూసుకుంటాను.

*

కాకినాడ,
11-2-84

మహారాజశ్రీ ఓలేటి కామరాజు గారి సముఖమునకు,

తమ ఉత్తరం అందినందుకు మా సంస్థ పులకించింది. గజలక్ష్మి డీలక్సు పొడుగు పదమూడడుగులు. వెడల్పు అయిదున్నర. బరువు పదిహేడువందల కిలోలు. ఎనిమిదిమంది కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ధర లక్షా పన్నెండు వేలు, పన్నులు అదనం.

పడవ వేసేవాడినని తమరు రాసుకున్నారు. కోనసీమ పెద్దలతో మాది పాతికేళ్ళ అనుభవం. క్రిందటేడు ఒకాయన మోకాళ్ళపైకి పంచె కట్టుకుని, చెప్పులు లేకుండా వచ్చారు. మా గుమాస్తా కూలీ అనుకుని టీలు పట్టుకురమ్మన్నాడు. ఆయన తెచ్చి ఇచ్చి, తర్వాత సంచీలోంచి రొక్కం తీసి బండి కొనుక్కుని వెళ్ళారు. అప్పటినుంచీ మేము ఎవరి వినయాన్నీ నమ్మడం మానేశాం.

ఇక బండికి పెట్టించుకునే సామగ్రి: పైన కారేజీ, వెనక నిచ్చెన, ముందు ఇనప గార్డు, పొగమంచు లైట్లు, కిటికీలకి పూల కర్టెన్లు, రెండు ఫ్యాన్లు, టేపురికార్డరు, నాలుగు స్పీకర్లు. ఏవి కావాలో సెలవిస్తే బిగించి ఉంచుతాం.

తమ సేవలో,
భాస్కరరావు, మేనేజరు

తా.క. ఏనుగు బరువు మా కేటలాగులో లేదు. విచారిస్తున్నాం.

*

మొగలిగరువు రేవు,
16-2-84

మేనేజరు గారికి కామరాజు నమస్కారాలు. మీ కార్డు అందింది. వెంటనే బరువు రాసినందుకు సంతోషం.

పదిహేడువందల కిలోలంటే మా లెక్కలో ఇరవై మూడు వడ్లబస్తాలు. బస్తాలయితే నావంతా సర్దుతాను. ఇది నాలుగు కాళ్ళమీదే నుంచుంటుంది గదా. ముందుకాళ్ళ మీద ఎక్కువ బరువా, వెనకకాళ్ళ మీదా? కారేజీ, నిచ్చెన, గార్డు, మీరు రాసిన సామాను ఒక్కోటి ఎంత బరువో విడివిడిగా రాయండి. పంటు ఇరుకు, దానిమీద తలుపులు తెరుచుకోవు. ఏదయినా జరిగితే డ్రైవరు కిటికీలోంచి దిగగలడా?

పక్కకి రెండేసి చొప్పున నాలుగు పాత టైర్లు కట్టాలి, ఒడ్డుకి రాసుకోకుండా. మీరు పారేసేవి ఉంటే ఇప్పించండి.

ధర రాసేరు. ధరతో నాకు పనిలేదు. బరువు చాలు.

ఇట్లు,
కామరాజు

తా.క. టీలు తెచ్చినాయనకి మీ గుమాస్తా ఆ టీ డబ్బులిచ్చేడా?

రెండో తా.క. ఇకమీదట కవర్లో రాయండి. మా పోస్టుమాను వీరవెంకటసత్యనారాయణ కార్డుని పడవలోనే పైకి చదివేసేడు. పడవలో పద్నాలుగు మంది ఉన్నారు.

*

కాకినాడ,
22-2-84

మహారాజశ్రీ కామరాజు గారి సముఖమునకు,

"ధరతో నాకు పనిలేదు." ఈ వాక్యం మా ప్రొప్రయిటరు గారికి చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నుంచున్నారు. నేనూ నుంచున్నాను. పాతికేళ్ళలో ఇలాంటి మాట వినలేదు.

ఇంజను ముందుంది కాబట్టి ముందువైపే బరువెక్కువ. కారేజీ ముప్ఫై అయిదు కిలోలు, నిచ్చెన పన్నెండు, గార్డు నలభై. మిగతా జాబితా వెనకపేజీలో ఉంది. కిటికీలోంచి దిగడం మా డ్రైవరు సత్యం చేత చేయించి చూశాం. అతను కాస్త లావు. నడుం దాకా వచ్చి ఆగాడు. మధ్యాహ్నానికి లోపలికే లాగేశాం.

తమవంటివారికి పాత టైర్లు ఇవ్వడమా! తమ బండితోపాటు కొత్తవి నాలుగు కానుకగా పంపుతున్నాం.

మరో శుభవార్త. తమ ఊరివారే శ్రీ బంగారరాజు గారు ఇదే బండికి డబ్బు కట్టేశారు. నిన్న వచ్చినప్పుడు, మాట సందర్భంలో తమ ఉత్తరాలు చూపించాం. ఆయన రెండుసార్లు చదివి, మంచినీళ్ళు అడిగారు. "ఓలేటి కామరాజా? రేవు కామరాజేనా?" అన్నారు. తర్వాత "వాడు అడిగినవన్నీ నా బండికి పెట్టండి. ఒకటి ఎక్కువే పెట్టండి" అన్నారు. అందుచేత ఆయన బండికి వెనక కూడా ఒక గార్డు వేస్తున్నాం. ఉగాదినాడు మొగలిగరువు రేవుకి రెండు గజలక్ష్ములు!

తమ సేవలో,
భాస్కరరావు

తా.క. టీ డబ్బులు ఇవ్వలేదని తేలింది. గుమాస్తా సిగ్గుపడుతున్నాడు.

రెండో తా.క. ఊళ్ళోకి సర్కసు వచ్చింది. వాళ్ళ ఏనుగు మూడువేల కిలోలట. ఊళ్ళో తమకి తప్పు చెప్పారు.

*

మొగలిగరువు రేవు,
28-2-84

మేనేజరు గారికి నమస్కారాలు.

రెండు బళ్ళా?

ఒకటి బంగారరాజు గారిది. ఆయనే ఎవరికీ చెప్పొద్దన్నారు. మీరు చెప్పేరు కాబట్టి రాస్తున్నాను. రెండో ఆసామి ఎవరండీ? ఊరంతా చూసేను. ప్రెసిడెంటు గారికి సైకిలుంది. జీవరత్నం మేష్టారికి స్కూటరుంది గాని అవతలొడ్డునే ఉంచుతారు. ఇంకెవరికీ ఏమీ లేదు. ఎదురుగా నుంచుని "బండి కొన్నది మీరేనా అండీ" అని అడగడానికి నాకు నోరు రాదు.

మీరు "తమ బండి" అని రాస్తున్నారు. నాకు బండి లేదు. నావ ఉంది.

ఎవరిదయినా దాటించేది నేనే గదా. రెండు బళ్ళకి రెండు నావలు చాలవు. మా బావ వెంకటస్వామి నావ కూడా తెచ్చి మూడు జత కడుతున్నాను. పన్నెండు తాటిదూలాలు తెప్పించేను. రెండో బండికీ సామాను అంతేనా? కాస్త తగ్గించమని ఆ ఆసామికి చెప్పి చూడండి.

బంగారరాజు గారు నిన్న రేవుకి వచ్చేరు. ఎప్పుడూ నా పక్కన కూచుని చుట్ట అడుగుతారు. నిన్న ఆ చివర కూచున్నారు. సగం ఏరు దాటేక "ఏరా కామరాజూ, ఏట్లో నీకేం దొరికిందిరా?" అన్నారు. "బండిచక్రం దొరికిందండి" అన్నాను. నిజమే. పంటు కోసం లోతు చూస్తుంటే గెడకి తగిలింది. మునసబు గారిది. ఆయన "దాచుకోరా, దాచుకో" అని అటు తిరిగేరు. చక్రం దాచుకోడానికి ఏముందో నాకు తెలియలేదు.

ఇట్లు,
కామరాజు

తా.క. చక్రం ఇంటికి తెచ్చేను. మా ఆవిడ సూర్యకాంతం "ఆ దరిద్రం మళ్ళీ గుమ్మంలోకెందుకూ" అని కోడిపిల్లలమీద బోర్లించింది.

*

కాకినాడ,
8-3-84

మహారాజశ్రీ కామరాజు గారి సముఖమునకు,

"నాకు బండి లేదు" అన్న తమ చమత్కారానికి ఆఫీసంతా నవ్వుకున్నాం. ఇప్పుడు లేదు. ఉగాదికి ఉంటుంది! "రెండో ఆసామి ఎవరండీ" అని తమరే అడగడం మరీ బాగుంది.

తమరు మూడు నావలు కడుతున్నారని బంగారరాజు గారికి చెప్పాం. ఆయన బండికి ఇంకో కారేజీ వెయ్యడానికి కుదరదంటే, ఉన్న కారేజీమీద ఇత్తడి కమ్మీలు వేయించుకున్నారు. వెనక రెండు సోఫా సీట్లు కూడా. ఉగాదినాడు ఆయనవాళ్ళు పదకొండుమందీ బండిలోనే దాటుతారట. సన్నాయి, డోలు కారేజీమీద. తమవైపు ఎంతమందో రాయలేదు.

అడ్వాన్సు ఊసెత్తి తమని చిన్నబుచ్చం. తమరు వచ్చి ఒక సంతకం చేస్తే తమ బండి బయల్దేరుతుంది.

తమ సేవలో,
భాస్కరరావు

తా.క. మా ప్రొప్రయిటరు గారు తమకి ప్రత్యేకంగా రబ్బరు బుడ్డి నొక్కే ఇత్తడి హారను పంపుతున్నారు. అది ఎవరికీ అమ్మం. బంగారరాజు గారు అడిగినా ఇవ్వలేదు.

*

మొగలిగరువు రేవు,
14-3-84

మేనేజరు గారికి నమస్కారాలు.

పదకొండుమందిలో బంగారరాజు గారొక్కరే బస్తాన్నర. సన్నాయి ఆయన తేలిక. డోలాయన కాదు. అన్నీ కలిపితే ఒక్క బండే ముప్ఫై ఎనిమిది బస్తాలు అయింది. రెండోది ఎంతో తెలియదు. నాకు అన్నం సయించడం లేదు.

దయచేసి ఇంకేమీ బిగించకండి.

కామరాజు

తా.క. నేను దేనికి సంతకం చెయ్యాలో రాయలేదు. రేవు వేలంపాటకయితే పంచాయితీలో చేసేను.

*

మొగలిగరువు రేవు,
5-4-84

మేనేజరు గారికి కామరాజు నమస్కారాలు. ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. తప్పలేదు.

ఉగాదినాడు పొద్దున్న తొమ్మిదింటికి నిండు పోటు. అప్పుడయితే నీళ్ళు పెరిగి పంటు ఒడ్డుతో సమానంగా ఉంటుంది. బండి సాఫీగా ఎక్కుతుంది. మీ సత్యం గారు బండినీ, మీరు పంపిన టైర్లూ హారనూ ఎనిమిదిన్నరకే తెచ్చేరు. టైర్లు పంటు పక్కలకి కట్టేం. బండి ఎండలో మెరుస్తుంటే రేవంతా చూసేరు. రెండో బండి కోసం చూసేం. రాలేదు. ఇంకాసేపు ఆగుదామన్నాను. బంగారరాజు గారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నీ బండేదిరా?" అన్నారు.

"ఇదేనండి" అని పంటు చూపించేను.

"ఆటలాడకు. కాకినాడలో ధరతో పనిలేదని రాసేవంట."

"ఆయ్. దాటించేవాణ్ణి, ధరతో నాకేం పనండీ? బరువు అడిగేను."

ఆయన నన్ను చూసేరు. కారేజీమీద ఇత్తడి కమ్మీలు చూసేరు. ముందు గార్డు చూసేరు. దిగి వెనక గార్డు కూడా చూసొచ్చేరు. "అయితే ఇయ్యన్నీ ఎవుడికోసం పెట్టించేనురా నేను?" అన్నారు. సన్నాయి ఆయన తెలియక మొదలెట్టేడు.

పోటు తిరిగిపోతుందని తొందరపెట్టేను. "తమరు పదకొండుమందీ నా పడవలో రండి" అన్నాను. దిగం అన్నారు. వాళ్ళావిడ గారు "నలుగురూ చూస్తుంటే దిగుతామా" అన్నారు. దిగలేదు. నడి ఏట్లోకి వచ్చేసరికి పంటు అంచుకీ నీటికీ మధ్య రెండు వేళ్ళు మిగిలేయి. డోలు ఆపమన్నాను. సత్యం గారికి భయం వేసి కిటికీలోంచి దిగబోయేరు. నడుం దాకా వచ్చి ఆగేరు. మళ్ళీ లోపలికి లాగడానికి ఎవరూ కదలకూడదన్నాను. అలాగే దాటేరు పాపం.

చక్రం దొరికినచోట పంటు ఒకసారి పక్కకి ఒరిగింది. మా బావా నేనూ గెడలు ఆనించేం. కళ్ళు మూసుకుని మా నాన్నగారిని తలుచుకున్నాను. కళ్ళు తెరిచేసరికి మీ కొత్త టైర్లు మెల్లిగా ఇవతలొడ్డుకి ఆనేయి.

మేనేజరు గారూ, రెండు నావలే కట్టి ఉంటే ఆ బండి ఇప్పుడు మునసబు గారి బండి పక్కన ఉండేది. మీరు లేని బండిని రాసేరు. దానికోసం కట్టిన మూడో నావే ఉన్న బండిని ఒడ్డు చేర్చింది. అందుకని మిమ్మల్ని ఏమీ అనను. రెండో బండి నాకోసమే ఉంచేరని సత్యం గారు బయటికి వచ్చేక చెప్పేరు. అది వేరే ఎవరికయినా ఇచ్చెయ్యండి. నేను టీలు తెచ్చినాయన లాంటివాణ్ణి కాను. మొదటి ఉత్తరంలోనే రాసేను గదా.

రేవు నుంచి బంగారరాజు గారి వాకిలి దాకా రోడ్డు ఎనభై బారలు. ఆ పైన కొబ్బరితోటలూ బోదె కాలవలూను. అందుకని బండి ఎక్కడికి కదిలినా నా దగ్గరికే రావాలి. పంటు విప్పొద్దని, ఏడాదికింత అని గింజలిస్తామని ఆయనే అన్నారు. మళ్ళీ నా పక్కన కూచుంటున్నారు. హారను పంటుకి కట్టేను. ఆయనకది మోగించాలని ఉంది. ఏరు దాటేటప్పుడు ఒకసారి నొక్కనిస్తున్నాను.

మీ ఉత్తరాల సంగతి పోస్టుమాను ఊరంతా చెప్పేడు. మా ఇంటిని బండి ముంచినోళ్ళ ఇల్లనడం మానేసేరు. ఇప్పుడు రెండు బళ్ళోళ్ళ ఇల్లంటున్నారు. మొన్న పై ఊరినుంచి ఎవరో దారి అడిగితే, ప్రెసిడెంటు గారే అలా చెప్పేరు. సూర్యకాంతం చక్రం కడిగి, పసుపు రాసి, గుమ్మం పక్కన నిలబెట్టింది. కోడిపిల్లలకి వేరే బుట్ట కొన్నాం.

ఇక సెలవు. మీ బళ్ళన్నీ మెరకమీదే ఉండాలని కోరుకుంటాను.

ఓలేటి కామరాజు
మొగలిగరువు రేవు

తా.క. రెండో బండి రంగేమిటో రాయమంటోంది సూర్యకాంతం. కొనడానికి కాదండి. ఊళ్ళో అడుగుతుంటే చెప్పడానికి.