హైదరాబాద్ రంగు

ఆదివారం రాత్రి

వకీలు గారి పాత మోరిస్ కారు తలుపులు చేత్తో ముట్టుకుంటే రాలేంతగా తుప్పు పట్టి ఉండేవి. ఇరవై రోజులు నిజామాబాద్‌లో నా షెడ్డులో ఆ తుప్పంతా కోసి, కొత్త రేకు అతికించి, గుంటలు పూడేలా లప్పం పెట్టి, రుద్ది రుద్ది నల్లరంగు కొట్టింది నేను. ఇప్పటికీ దగ్గితే ఆ రంగు వాసనే.

ఈరోజు బోధన్‌లో ఆయన బిడ్డ పెళ్లి. పెళ్లికొడుకు ఆ కారులోనే వచ్చి దిగాడు. జనం చుట్టూ మూగారు.

"రంగు యాడ ఏయించినవ్ వకీల్ సాబ్?" అని ఎవరో పెద్దమనిషి అడిగాడు.

వకీలు గారు నా వైపే చూస్తూ, "హైదరాబాద్‌ల. మన నిజామాబాదోళ్లకు గింత పని యాడొస్తది?" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గా హైదరాబాదోని పేరేంది సాబ్? జర చెప్పుండ్రి," అన్నాను. ఆయన పక్కవాళ్లను పలకరించడంలో పడ్డాడు. చెప్పులు వేసుకొని బస్టాండుకు నడిచాను.

"మంచిగ అడిగినవ్. గని ఆ పిల్లేం జేసింది?" అంది మా ఆవిడ, ఇంటికొచ్చాక సంగతంతా విని.

నిజమే. ఆ పిల్ల మీద నాలుగు అక్షింతలు కూడా వేయకుండా వచ్చాను. అత్తారింటికి వెళ్లకముందే రేపు వెళ్లి దీవించి రావాలి. కానీ ఆ గుమ్మంలో మళ్లీ ఆయన ముఖం చూడాలంటే...