గంటసేపు నిలబడే చోటు

జహీరాబాద్,
ఆగస్టు 24

ప్రియమైన నాన్నకి,

"ఉత్తరం ఎందుకమ్మా, మెసేజ్ పెట్టొచ్చుగా" అంటావని తెలుసు. కానీ ఫోన్‌లో మన ఇంటి మాటలు ఎలా నడుస్తాయో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆదివారం నువ్వు చేస్తావు. నేను స్పీకర్ పెడతాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "గ్యాస్ ఓటీపీ ఇంకా ఆయన ఫోన్‌కే వెళ్తోందని మీ నాన్నకి చెప్పు" అంటుంది. అది నీకు వినబడుతుంది. అయినా నేను చెప్పేదాకా ఆగుతావు. "నంబరు మారుస్తానని మీ అమ్మకి చెప్పు" అంటావు. అది అమ్మకి వినబడుతుంది. అయినా నా మొహం వైపు చూస్తుంది. నేను చెప్తాను. ఉగాదికి నువ్వు ఎక్కడో ఉత్తరాదిన ఉన్న రుద్రపూర్‌కి బదిలీకి ఒప్పుకున్నావన్న సంగతి అమ్మకి నీ నోటి నుంచి కాకుండా కాలనీలో ఎవరో చెప్పగా తెలిసింది. అప్పటి నుంచీ ఇంతే. ఉత్తరంలో అయితే నువ్వూ నేనే ఉంటాం.

అసలు విషయానికి వస్తాను. దసరాకి మీ ఫ్యాక్టరీలో లైను ఆపి సెలవులిస్తారన్నావు. హైదరాబాద్ దగ్గర రైడ్ల పార్కుకి తీసుకెళ్తానని నేను పదో తరగతి పాసైనప్పుడు అన్నావు. ఇప్పుడు ఇంటర్లో కూడా చేరిపోయాను. వెళ్దాం నాన్నా, ముగ్గురం. అమ్మని ఒప్పించే పని నాది.

ఆ పార్కు చాలా పెద్దదట. గైడ్‌బుక్ లేకుండా వెళ్తే సగం చూడకుండానే కాళ్ళు నొప్పులు పుడతాయట. బస్టాండు దగ్గర శివరాజ్ గారి పుస్తకాల కొట్టులో మూడు రకాలున్నాయి. రోజూ కాలేజీ అయ్యాక అక్కడే నిలబడి చదువుతున్నాను. ఆయన ఏమీ అనడు. "చదువుడైతే చదువు పాపా, గని పేజీలు మడ్తపెట్టకు" అంటాడు, అంతే.

మొదటిది నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. కానీ ప్రతి పేజీలోనూ "అద్భుతం, అద్భుతం" అని రాశారు. నాలుగో పేజీకి ఆ మాట నమిలేసిన చూయింగ్ గమ్‌లా అయిపోయింది. రెండోదాంట్లో అన్నీ పట్టికలే. ఏ రైడ్‌కి ఎంత ఎత్తుండాలి, ఎక్కడ ఎంతసేపు నిలబడాలి, ఏ గేటు నుంచి మొదలుపెడితే నడక తగ్గుతుంది. మూడోది సన్నటిది. కుటుంబంతో వెళ్ళిన ఒకావిడ రాసింది. ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ పిల్లలు ఏడుస్తారో, ఏ సీట్లో ఎంతమంది పడతారో రాసింది. "ఇక్కడ కూర్చుంటే పక్కవాళ్ళ ఊపిరి కూడా వినబడుతుంది" అని ఒక వాక్యం ఉంది. నిన్నంతా నాలో నేను అదే అనుకుంటూ తిరిగాను.

ఏది కొనమంటావు? తొందరగా రాయి.

ప్రేమతో,
నీ సింధు


రుద్రపూర్,
సెప్టెంబరు 3

ప్రియమైన చిట్టితల్లి సింధుకి,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. గదికి వచ్చి మళ్ళీ చదివాను. ఆ తర్వాత గట్టిగా పైకి చదివాను. ఇక్కడ మా షిఫ్టులో తెలుగువాడిని నేనొక్కడినే. నా గొంతులో తెలుగు విని నాకే కొత్తగా అనిపించింది. పక్క గది కుర్రాడు తలుపు తట్టి, ఎవరైనా వచ్చారా అని హిందీలో అడిగాడు. ఎవరూ రాలేదన్నాను.

పట్టికల పుస్తకమే కొను. నా ఉద్యోగమేమిటో నీకు తెలుసుగా, లైను మీద తయారయ్యే బండి ఎక్కడా ఆగకుండా చూడటం. ఎక్కడ ఆగితే అక్కడ నష్టం. ఆ పుస్తకం చూసి ఎక్కువసేపు నిలబెట్టే రైడ్లన్నీ కొట్టెయ్. మిగిలినవి వరసగా రాసి పంపు, నేను సర్దుతాను. ఒక్క నిమిషం వృథా కాకుండా రెండు రోజుల్లో పార్కంతా చూపిస్తాను.

ఊపిరి వినబడటం గురించి రాసిన పుస్తకంతో మనం ఏం చేసుకుంటాం చెప్పు?

మీ అమ్మ నిజంగా వస్తానందా? అడిగి రాయి. నేను అడిగానని మాత్రం చెప్పకు.

ఆశీస్సులతో,
నాన్న


జహీరాబాద్,
సెప్టెంబరు 14

ప్రియాతిప్రియమైన నాన్నకి,

అమ్మ వస్తానంది. ఎలా అందో కూడా రాస్తాను, నువ్వు నమ్మాలి కదా. స్కూలు నుంచి వచ్చి లెక్కల పేపర్లు దిద్దుతోంది. నేను అడిగాను. ఎర్ర పెన్ను ఆగింది. "మీ నాన్న కూడా వస్తారా?" అంది. "వస్తాడు" అన్నాను. ఇంకో మూడు పేపర్లు దిద్దింది. ఆ తర్వాత, "నాకు మెలికలు తిరిగేవి పడవు, నేను కిందే నిలబడతాను" అంది. అది వస్తాననడమే. అమ్మకి "సరే" అనే మాట నేరుగా రాదు.

కింది వాటాలో ఇంటి ఓనరు దేవమ్మ పెద్దమ్మకి కూడా చెప్పాను. కంది చేను చూసుకోవడానికి ఝరాసంగం వెళ్ళి అప్పుడే ఆటో దిగింది. చీరకంతా దుమ్ము.

"మీ నాయన దసరకొస్తడా? మంచిదే బిడ్డా. మీ ఇంట్ల సప్పుడే లేదు. మా ఆయన, నేను పొద్దుగాల లేస్తే కొట్లాటనే. కొట్లాట లేని ఇల్లు దవాఖాన లెక్కుంటది."

"మరి మా ఇంట్లో వాళ్ళు కొట్లాడుకోవాలంటారా పెద్దమ్మా?"

"కొట్లాడాల్నంటే ముందుగాల ఎదురుంగ నిలబడాలె గద! ఒకలు గీడ, ఒకలు గాడ ఉండి ఎట్ల కొట్లాడ్తరు?"

నాన్నా, నేను దాచకుండా రాస్తున్నాను. నేను సన్న పుస్తకమే కొన్నాను. పట్టికల పుస్తకం నిలబడకుండా ఎలా తిరగాలో చెప్తుంది. నాకు కావలసింది నిలబడే చోటు. గుహలో పడవ అని ఒకటి ఉందట. దాని గురించి ఆవిడ ఇలా రాసింది: "గంటసేపు నిలబడాలి. రెండు వైపులా ఇనుప కమ్మీలు. మధ్యలో బయటికి రావడానికి దారి లేదు. పడవలో సీటుకి ఇద్దరే. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు దీన్ని వదిలేయడం మంచిది." ఆవిడ ఇలా వదిలేయమన్నవన్నీ వేరే కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. మనం తిరగబోయేవి అవే. గంటసేపు పక్కపక్కన నిలబడితే ఎవరైనా ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. "ఎండగా ఉంది" అనైనా అనుకుంటారు. నాకు అది చాలు.

మీ లైను మీద ఆగితే నష్టం కావచ్చు. మన ఇంట్లో ఎవరూ ఆగడం లేదు నాన్నా.

ఎదురుచూస్తూ,
నీ సింధు


రుద్రపూర్,
సెప్టెంబరు 25

ప్రియమైన సింధుకి,

సరే, నీ పుస్తకం ప్రకారమే తిరుగుదాం. సెలవు దొరికింది, టికెట్ తీసుకున్నాను.

గంటసేపు ఏం మాట్లాడాలో నాకు తెలియదు తల్లీ. ఇక్కడ రోజంతా యంత్రాల హోరులో ఉంటాం. ఏది కావాలన్నా చేత్తో సైగ చేస్తాం. గదికి వస్తే మాట్లాడటానికి మనిషి ఉండడు. నాకు మాటలు తగ్గిపోయాయేమో.

పరవాలేదు. నువ్వు మధ్యలో ఉంటావుగా.

నాన్న


జహీరాబాద్,
అక్టోబరు 19

ప్రియమైన నాన్నకి,

నిన్ను రైలెక్కించేటప్పుడు అడుగుదామనుకున్నాను. అమ్మ ఉంది, జనం ఉన్నారు, నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

గుహ పడవ దగ్గర మనం వరుసలోకి వెళ్ళినప్పుడు నేను మధ్యలో నిలబడ్డాను. కావాలని కాదు, కాళ్ళు వాటంతట అవే అక్కడికి వెళ్ళాయి. ముందు నువ్వు, వెనక అమ్మ. అమ్మ చెయ్యి చాపితే నీ భుజం అందుతుంది. అయినా, "మీ నాన్నకి నీళ్ళు కావాలేమో అడుగు" అంది. నేను అడిగాను. "వద్దని చెప్పు" అన్నావు. వెనకాల పసిబిడ్డని ఎత్తుకున్న ఒకావిడ నవ్వేసింది. "ఏం పాపా, మీ అమ్మానాన్నలకి ఒకరి భాష ఒకరికి రాదా?" అంది. నువ్వు విన్నావో లేదో. నా చెవులు వేడెక్కిపోయాయి.

అప్పుడే బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నాను. కమ్మీ కింద నుంచి దూరి బయటపడ్డాను. నేను వెళ్ళింది బాత్రూమ్‌కి కాదు. ఎదురుగా మొక్కజొన్న కంకులు కాల్చే బండి ఉంది కదా, దాని పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి మీరిద్దరూ కనబడుతున్నారు. మీ మధ్య నా అంత ఖాళీ అలాగే ఉంది. వరుస కదిలినా ఆ ఖాళీ కూడా మీతోపాటు కదిలింది. తర్వాత మీరు గోడ మలుపు తిరిగారు. ఇంక కనబడలేదు.

చాలాసేపు కూర్చున్నాను నాన్నా. చుట్టూ అంతా గుంపులు గుంపులుగా ఉన్నారు. ఒకళ్ళ టోపీ ఇంకొకళ్ళు లాక్కుంటున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. ఒంటరిగా కూర్చున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. నేను లేకపోతే మీరు మాట్లాడుకుంటారేమో అనుకున్నాను. మరుక్షణం, నేను లేకపోయినా మాట్లాడుకోరేమో అనుకున్నాను. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ తెలియదు.

చివరికి మీరిద్దరూ వచ్చారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కడికి పోయావే? మేము వెతుకుతున్నాం" అంది. ఆ "మేము" అన్న మాట నాకు ఎంత నచ్చిందో! అమ్మ నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. ఇంటికి వచ్చేదాకా అదే తలుచుకున్నాను.

కానీ పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. నేను స్పీకర్ పెట్టాను. "క్షేమంగా చేరారా అని మీ నాన్నని అడుగు" అంది అమ్మ. "చేరానని చెప్పు" అన్నావు నువ్వు.

నేను చెప్పాను. చెప్పి, బియ్యం తేవాలని అబద్ధమాడి కిందికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. పుస్తకం తప్పు కాదు. గంట చాలలేదేమో. ఒక్కటి మాత్రం చెప్పు. మీరు పడవ ఎక్కారా?

నీ సింధు


రుద్రపూర్,
అక్టోబరు 30

నా బంగారు తల్లి సింధుకి,

ఎక్కలేదు. మా వంతు వచ్చేసరికి అక్కడి కుర్రాడు "ఇద్దరేనా?" అని అడిగాడు. మీ అమ్మ "ముగ్గురం" అంది. "మూడో మనిషి ఎక్కడమ్మా?" అన్నాడు. ఇద్దరం వెనక్కి చూశాం. నువ్వు లేవు. అంతమందిని తోసుకుంటూ బయటికి వచ్చేశాం.

మేము నిన్ను వెతికింది కాసేపే సింధూ. కంకుల బండి దగ్గరికి రాగానే కనబడ్డావు. నేను పిలవబోయాను. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగండి. దాన్ని చూడండి" అంది.

నువ్వు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ గోడ మలుపు వైపే చూస్తున్నావు. పెదవులు కదులుతున్నాయి. మా మాటలు ఎలా ఉంటాయో నీలో నువ్వే అనుకుంటున్నావని నాకు అనిపించింది. ఒకసారి నా వంతు, ఒకసారి అమ్మ వంతు.

"ఆదివారం ఎవరు పిలిచినా వెళ్ళదండీ," అంది మీ అమ్మ. "తను లేనప్పుడు మీ ఫోన్ వస్తే నేనూ మీరూ ఏమైపోతామో అని ఇంట్లోనే కూర్చుంటుంది. స్నేహితురాళ్ళు పిలవడం కూడా మానేశారు."

ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పటి నుంచి అని అడిగాను. చెప్పింది. అలా మొదలై ఆ బండి వెనకాల పొగలో నిలబడి, జనం గోలలో నీకు వినబడకుండా, చాలాసేపు మాట్లాడుకున్నాం. నువ్వు కనబడుతూనే ఉన్నావు. నువ్వు గంటసేపు నిలబడే చోటు వెతికావు. మేము నిలబడింది అక్కడ.

ఏం మాట్లాడుకున్నారని అడుగుతావు. నువ్వు ఆశపడిన మాటలు కావు. "నన్ను అడగకుండా బదిలీకి సంతకం పెట్టారు" అంది. "పెట్టాను" అన్నాను. "నా ఉద్యోగం వదిలి నేను రాను" అంది. "ఇది వదిలి నేను ఇప్పుడే రాలేను" అన్నాను. మేము రాజీ పడలేదు తల్లీ. ఉత్తరంలో నీకు అబద్ధం రాయలేను. ముందు ముందు ఏమవుతుందో మీ అమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఏడుస్తూనైనా నా మొహం చూసి చెప్పింది. నేనూ చూసి చెప్పాను.

ఇంక నీ చేత మాటలు మోయించకూడదని అక్కడే అనుకున్నాం. అనుకుని కూడా మొదటి ఆదివారమే ఇద్దరికీ ధైర్యం చాలక మళ్ళీ నీ మీదే పెట్టాం. నువ్వు మెట్ల మీద కూర్చున్నావని చదివాక ఇంక వాయిదా వేయలేదు.

నిన్న స్కూలు వదిలే వేళకి మీ అమ్మ నంబరుకే చేశాను. ఎత్తింది. వెనకాల పిల్లల గోల వినబడింది. తర్వాత తొమ్మిదో తరగతిలో ఒకడు లెక్కల పేపరు నిండా లారీ బొమ్మ వేశాడని చెప్పింది. వాడికి ఎన్ని మార్కులు వేశావన్నాను. సున్నా వేశానని, కానీ లారీ బాగుందని అంది.

నీకు విడిగా ఉత్తరాలు రాస్తాను. అవి నీకే. ఆదివారం ఫోన్ మోగితే మాత్రం నువ్వు ఎత్తకు తల్లీ. అది మీ అమ్మకి.

ఎప్పటికీ,
నీ నాన్న