దించేసిన చెయ్యి

బుధవారం రాత్రి, కోరుట్ల

నా బిడ్డకు పుట్టుకతోనే వేళ్లు అతుక్కున్నాయి. నుదురు ఎత్తు, కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. గ్రహణం నాడు నేను కూరగాయలు కోసినందుకేనని అత్తమ్మ ఇన్నాళ్లూ నిష్ఠూరమాడింది. ఇవాళ జగిత్యాల డాక్టరమ్మ, "గ్రహణంతోని గిట్ల కాదమ్మా, నీ తప్పేం లేదు" అంది.

తిరుగు దారిలో రాస్తారోకో, బస్సు ఆగింది. దీక్షా శిబిరం నీడలో కూర్చున్నాం. అక్కడున్న అవ్వ పిడికిలెత్తి, "జై తెలంగాణ అను బిడ్డా, చెయ్యి లేపు" అంది. బిడ్డ నవ్వుతూ ఎత్తింది. వేళ్లు కనపడకుండా నేను చేతికి తొడిగిన సాక్సు జారిపోయింది. నలుగురూ చూస్తారని దాని చెయ్యి చటుక్కున దించేశాను.

"గట్లెందుకు గుంజినవమ్మా? పోరి మంచిగ లేపింది గదా!" అంది అవ్వ.

ఇంటికొచ్చాక "జై" అన్నాను. బిడ్డ చేతులు వెనక్కి పెట్టుకుంది.

వేళ్లు నా తప్పు కాదు. దాచుకోవడం మాత్రం నేనే నేర్పాను.