కండెలా చుట్టిన రాగి తీగ

1964 జూలై, శుక్రవారం. కొత్తకోట.

రేడియో ఇవాళ కూడా పలకలేదు.

బి.ఎస్సీ. అయ్యాక ఏడాదిగా ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉన్నాను. ఫిజిక్స్ పుస్తకం తెరవడం, రెండు పేజీలు తిప్పి మూసేయడం. పరీక్ష లేకపోతే నాకు చదువే రాదేమో అనిపించింది. అందుకే సొంతంగా చిన్న రేడియో చేద్దామని కూర్చున్నాను.

పొద్దున గొట్టం మీద రాగి తీగ చుట్టాను. బ్యాటరీ కలిపితే గురగుర తప్ప మాట రాలేదు. రాట్నం దగ్గరున్న అమ్మ వచ్చి ఆ చుట్టను చేతిలోకి తీసుకుని నవ్వింది.

"కండె మంచిగ చుట్టినవ్ కొడుకా. గిది నేసెటందుకా, ఇనెటందుకా?"

చూసుకుంటే నిజమే. తీగను పక్కపక్కనే వరసగా చుట్టాలి. చిన్నప్పటి నుంచి మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టిన చెయ్యి కదా, అలవాటుగా ఆడుతూ పోగు మీద పోగు వేసేసింది.

అలా చుడితే లోపల ఏం మారుతుంది? ఆ ప్రశ్నతో మధ్యాహ్నం పుస్తకం తెరిచాను. తల ఎత్తేసరికి దీపం పెట్టే వేళయింది. మగ్గం దిగి వచ్చిన నాయిన నా పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇంక పరీచ్చ ఉన్నదారా?"

"లేదు నాయినా."

"మరి ఎందుకు సదువుతున్నవ్?"

ఉద్యోగం సంగతి అడుగుతాడనుకున్నాను. దానికైతే జవాబు సిద్ధంగా ఉంది. తీగను ఈసారి వరసగా చుడదామని గొట్టం చేతిలోకి తీసుకున్నాను.

"జర గీ కొస పట్టుకో నాయినా" అన్నాను. నేను తీగ విప్పుతుంటే, చిక్కు పడకుండా ఆయన మెల్లగా లాగి పట్టుకున్నాడు.