గోడ మీది ఉడత తుపాకీ

సెప్టెంబర్ 9, మంగళవారం

మా ఆయన డెంజిల్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పెన్ను పట్టడం ఇదే.

ఎత్తడం, దించడం, తినిపించడం, తుడవడం. నా నడుము నాది కాదు. జూలైలో వచ్చిన పక్షవాతం ఈయన కుడిచెయ్యి, కుడికాలు, నోరు మూడూ పట్టుకుపోయింది. పోతూ పోతూ నోట్లో ఒక్క మాట వదిలి వెళ్ళింది. అది బూతు. ఇక్కడ రాయను. ఇన్నేళ్ళు చర్చిలో పెద్దమనిషిగా ఉన్నవాడికి దేవుడు ఏరి ఏరి ఆ మాటే మిగిల్చాడు. తిట్లు మెదడులో ఇంకో గదిలో ఉంటాయండీ, ఆ గదికి ఏం కాలేదు అని స్పీచ్ థెరపీ అమ్మాయి చెప్పింది.

మొన్న పాస్టర్ వచ్చి ఈయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. ఆయన ఆమెన్ అన్నాడో లేదో, ఈయన ఆ మాట అన్నాడు. పాస్టర్ కళ్ళు తెరవకుండానే "పైవాడికి అర్థమవుతుందిలెండి" అన్నాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి నవ్వాను. జూలై తర్వాత నవ్వడం అదే.

సెప్టెంబర్ 13, శనివారం

మరిది కోయ్ వచ్చాడు. తుపాకీ కోసం వచ్చాడు. యాపిల్ పై తెచ్చాడు గానీ వచ్చింది మాత్రం తుపాకీ కోసం.

అన్నదమ్ములిద్దరికీ ఇదే పిచ్చి. మూతి నుంచి మందు కూరే పాతకాలం తుపాకులు, అందులోనూ చిన్న గుండువి, బఠాణీ గింజంత సీసం పట్టేవి. మా కొండల్లో వాటిని ఉడత తుపాకులనే అంటారు. కాకపోతే పిచ్చిలో తేడా ఉంది. కోయ్ వాటిని అద్దాల బీరువాలో పెట్టి తెల్ల చేతితొడుగులు వేసుకుని తీస్తాడు. ఈయన ప్రతిదాన్నీ కాలుస్తాడు. గోడకి ఊరికే వేలాడేది తుపాకీ కాదురా, మేకు అని తమ్ముణ్ణి ఏడిపించేవాడు. గుండుకి చుట్టే గుడ్డ కోసం నా చారల దిండు గలేబులన్నీ కత్తెర పాలయ్యాయి. ఆ గుడ్డముక్కని నోట్లో పెట్టుకుని తడుపుతూ ఊరంతా తిరిగేవాడు. చంటిపిల్లాడిలా ఆ నోట్లో గుడ్డేమిటి, థూ అను అని నేను అరుస్తూనే ఉండేదాన్ని.

కోయ్‌కి కావలసింది గోడ మీదిది. వాళ్ళ ముత్తాత ఈ లోయలోనే, ఈ వాగు పక్కనే కొలిమి పెట్టుకుని చేసింది. చెక్కలో, గుండు నున్నగా జారడానికి రాసే కొవ్వు పెట్టుకునే చిన్న గుంట ఉంది. అందులో నాలుగు తరాల బొటనవేళ్ళు అరిగాయి.

"వదినా, అన్నయ్య ఇంక కాల్చేది లేదు కదా. నీకేమో ఊపిరాడ్డం లేదు. అది తుప్పు పడితే పాపం నీకే చుట్టుకుంటుంది. ఇరవై ఏడో తారీకు నా స్నేహితులందరూ ఇంటికొస్తున్నారు, వాళ్ళ ముందు పెడతా" అన్నాడు. తుపాకీ సుత్తి పనిచేస్తోందని చూపించడానికి క్యాప్ ఒకటి, అదే లోపలి మందుని అంటించే చిటికెడు టపాకాయ, పెట్టి టప్‌మనిపిస్తాడట. ముసలాళ్ళు మురిసిపోతారట.

సరే, పట్టుకుపో అన్నాను. ఒకటి తగ్గితే దుమ్ము తుడవడం తగ్గుతుందనిపించింది.

అతను తుపాకీ దించగానే డెంజిల్ ఆ మాట అందుకున్నాడు. మామూలుగా కాదు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద బాదుతూ, ముఖం కందిపోయేలా. బీపీ ఎక్కడికి పోతుందోనని భయమేసి మళ్ళీ గోడకే పెట్టించాను. "చచ్చినా వదలడులే" అన్నాడు కోయ్. ఇరవై ఏడు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు.

సెప్టెంబర్ 17, బుధవారం

రోజంతా ఆ గోడ వైపే చూపు. కుర్చీ ఇటు తిప్పితే ఆ మాట.

సెప్టెంబర్ 21, ఆదివారం

చర్చి అవగానే కోయ్ మళ్ళీ దిగాడు. కొలతలు రాసుకోవాలట. గొట్టం కింద దోపి ఉండే, మందూ గుండూ కూరే కర్ర లాగి గొట్టంలో జారవిడిచాడు. రెండు వేళ్ళ వెడల్పున బయటికి నిలబడింది. పెదవి విరిచాడు. "చూశావా వదినా, ఇది ముత్తాత చేసిన కర్ర కాదు. ఎవరో పొడుగ్గా కొత్తది చేసి పెట్టారు. అసలుది ఉంటే ఆ లెక్కే వేరు" అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసుకుని మూతిలోకి తొంగిచూశాడు. చీకటి తప్ప ఏమీ కనబడలేదన్నాడు.

అప్పుడే డెంజిల్ ప్లేటు విసిరాడు. బీన్స్, మొక్కజొన్న రొట్టె, ఉల్లిపాయ ముక్కలు అన్నీ నేల మీద. "ఒక ఇనుపగొట్టం కోసం ఇంత గోలా? నేను మనిషినా, గొడ్డునా? నా కోసం ఎప్పుడైనా ఇలా కొట్టుకున్నావా?" అని కోయ్ ముందే అరిచాను. ఈయన ఏడ్చాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని బీన్స్ ఎత్తాను.

ఇవ్వాల్సిందే. ఆ తుపాకీ ఈ ఇంట్లో ఉన్నంతకాలం నాకు మనశ్శాంతి లేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఫిజియో రాలేదు. నేనే చేయించాను. ఇద్దరం పడ్డాం.

సెప్టెంబర్ 26, శుక్రవారం, సాయంత్రం 5

 

రేపు ఇచ్చేదేదో శుభ్రంగా ఇద్దామని తుపాకీ దించి టేబుల్ మీద పెట్టాను. ఈయన అరవలేదు. అరిచి అరిచి విసిగిపోయినట్టున్నాడు. నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగి కర్ర చూపించాడు. తీశాను. మూతి చూపించాడు. లోపలికి విడిచాను. టక్‌మని ఆగింది. బయట మిగిలిన ముక్క మీద వేలు పెట్టి నా ముఖంలోకి చూశాడు. నాకేం అర్థం కాలేదు.

మళ్ళీ కర్ర తీయించాడు. ఈసారి గొట్టానికి బయట, పక్కనే ఆనించి పెట్టించాడు. ఒక కొస మూతి దగ్గర, రెండో కొస క్యాప్ కూర్చునే చోట. సరిగ్గా సరిపోయింది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు.

అదే కర్ర. బయట సరిపోయింది, లోపల మిగిలింది. వంటచేసే దాన్ని నాకింకా ఎవరు చెప్పాలి? గరిటె గిన్నె అడుగుకి దిగలేదంటే అడుగున ఏదో ఉన్నట్టే.

మందు కూరి ఉంది.

పక్షవాతం వచ్చిన రోజు పొద్దున ఈయన వరండాలో కూర్చుని దీన్నే సిద్ధం చేసుకుంటున్నాడు. మందు పోశాడు. నోట్లో తడిపిన గుడ్డ మూతి మీద పరిచాడు. గుండు పెట్టి అడుగుదాకా దించాడు. కర్ర దాని చోట దోపాడు. క్యాప్ పెట్టేలోపు చెయ్యి పడిపోయింది. అంబులెన్స్ హడావిడిలో పక్కింటివాళ్ళెవరో తుపాకీ తెచ్చి మేకులకి తగిలించారు. మమకారం, మొండితనం అని నేను తిట్టుకుంటూ ఉంటే, ఈయన ఇన్నాళ్ళూ కుర్చీలో కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"నిండి ఉందా?" అని అడిగాను.

ఆ మాటే అన్నాడు. మెల్లగా, ఎంత ముద్దుగా అన్నాడో.

సెప్టెంబర్ 27, శనివారం

కోయ్ వచ్చాడు. కర్ర లోపలా బయటా పెట్టి చూపించాను. అతను అన్నగారి ముందు నేల మీద కూలబడ్డాడు. క్యాప్ పెడదామనుకున్న చోటికి ఎదురుగా సోఫా ఉంటుందట. దాని మీద ఎవరెవరు కూర్చోబోతున్నారో పేర్లు చెప్పుకుంటూ పోయాడు. "ఆ గొట్టంలోకి కన్ను పెట్టి చూశాను వదినా" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. డెంజిల్ ఎడమచేత్తో వాడి తల మీద ఒకటి మొట్టాడు. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

కొసన స్క్రూ ఉన్న కర్రతో గుండు బయటికి లాగించుకొస్తానని కోయ్ అన్నాడు. వద్దన్నాను. అతను తుపాకీ లేకుండానే వెళ్ళాడు.

అతను వెళ్ళాక డెంజిల్ వరండా వైపు చెయ్యి చాపాడు. కాలుద్దామంటున్నాడు. నేను కుదరదన్నాను. ఆ కుడిచెయ్యి పూర్తిగా చేసిన ఆఖరి పని ఆ గొట్టంలో ఉంది. ఆ గుడ్డలో ఆ నోటి తడి ఉంది, మాటలున్న నోటి తడి. ఒక్కసారి టప్‌మంటే ఏం మిగులుతుంది? క్యాప్‌లు పారేసి, దాన్ని అలాగే పెట్టుకుంటానన్నాను. ఏడ్చాను కూడా.

ఈయన వినలేదు. గోడ వంక చూడటం మానేశాడు. నా వంకే చూస్తున్నాడు.

సెప్టెంబర్ 28, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

చూపుతో వేధించి సాధించాడు. వరండా కమ్మీ మీద బొంత మడిచి వేశాను, గొట్టం దాని మీద ఆనించాను. తుపాకీ మడమ ఈయన ఎడమభుజానికి పెట్టి, వెనక నుంచి నేను గట్టిగా పట్టుకున్నాను. వాగు ఒడ్డున మట్టిగట్టు, దాని ముందు వాల్‌నట్ మొద్దు. క్యాప్ నేనే పెట్టాను. రెండుసార్లు జారిపోయింది. ఈయన ఓపిగ్గా ఉన్నాడు.

ఎడమవేలితో నొక్కాడు. ఇంత చిన్న శబ్దమా అనిపించింది, ఎండుపుల్ల విరిచినట్టు. పొగ మెల్లగా వాగు మీదికి పోయింది. మొద్దుకి తగల్లేదు.

నేను గడ్డిలోకి దిగి గుడ్డ వెతికాను. ఈయన ఎప్పుడూ వెతికేవాడు. కాల్చాక గుడ్డ ఎలా ఉందో చూస్తే లోపల పని ఎలా జరిగిందో తెలుస్తుందట. పది అడుగుల దూరంలో దొరికింది. నీలం చారలు, అంచులు మాడాయి, ఎక్కడా చిరగలేదు. తెచ్చి అరచేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు. పని బాగా జరిగిందన్నట్టు తలూపాడు. దాన్ని గడ్డిలోకి విసిరేశాడు!

తర్వాత డబ్బాలోంచి కొత్త గుడ్డముక్క ఒకటి తీశాడు. తన నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. పెదవి కుడిపక్క నుంచి జారిపోయింది. మళ్ళీ తీసి, ఈసారి నా నోటి ముందు పట్టుకున్నాడు.

అక్టోబర్ 1, బుధవారం

ఈరోజు మొద్దుకి తగిలింది. నోట్లో ఇంకా దిండు గలేబు రుచే. రాత్రి కోయ్ ఫోన్ చేస్తే నోట్లో గుడ్డ ఉందని తర్వాత మాట్లాడాను.