పొంగనాల పెనంలో నాయిన పుడ్డింగు

ఆదివారం రాత్రి

ఈ రోజు నాయిన కడుపు నిండా తిన్నాడు. షుగర్ ఎక్కువైంది, మైదా మానాలని డాక్టర్ చెప్పినప్పటి నుంచి అలిగి కూర్చున్న మనిషి! సాయంత్రమైతే చాలు, మా బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డు బేకరీకి దొంగతనంగా వెళ్లి బన్ను తినొస్తున్నాడు. కాలి పుండేమో మానడం లేదు. ఎంత అరిచినా వినడు.

అందుకే, క్లబ్బులో వంటవాడిగా ఆయన ఇన్నేళ్లూ చేసిన ఇంగ్లీషు పుడ్డింగే చేద్దామనుకున్నాను. తీపిది కాదు, మాంసం పులుసుతో తినే ఉప్పటిది. మైదాకు బదులు బాదం పొడి, గుడ్లు కాస్త ఎక్కువ. మా ఒంటిగది ఖోలీలో ఓవెన్ ఎక్కడిది? పొంగనాల పెనంలో నూనె పొగలొచ్చేదాకా కాచి పిండి పోశాను. బుస్సున పొంగాయి. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా, పుల్లతో తిరగేశాను. అన్నీ అణిగిపోయి అట్టుముక్కలయ్యాయి.

మంచం మీది నుంచి నాయిన కేక: "అరె, తిప్పుతవేంది బిడ్డా? ఇవి పొంగనాలా? మూత వెట్టి ముట్టకు!"

లేచొచ్చి రెండో వాయి తనే పోశాడు. మైదాతో చేసినవాటంత ఎత్తు రాలేదు గానీ లోపల గుల్లగానే ఉన్నాయి. పులుసు పోసుకుని తింటూ, "గిన్నేండ్లు చేసిన గని, వేడివేడిగ తినుడు ఇదే పహ్లీ బార్," అన్నాడు.

తిన్నాక షుగర్ చూస్తే పెద్దగా పెరగలేదు. ఈ మోజు తీరిపోతే మళ్లీ బేకరీ బాట పడతాడేమో...

ఏమో. ఈ సాయంత్రం మాత్రం ఆయన చెప్పులు గడప దగ్గరి నుంచి కదల్లేదు.